గ్రంథమెవ్వరిది?

విష్ణుసహస్రనామస్తోత్రమును అచ్చొత్తించిన చిన్న పుస్తకము దేనినైనను తీసికొని ముఖపత్రము వెనుకనున్న పుటను చూచినయెడల, ముద్రాలయము పేరును, వెలయును, ప్రచురణ సంవత్సరమును వరుసగా నుండి, వానికి దిగువను వలయములో ఇమిడిన ‘సీ’ అక్షరమును, దాని ప్రక్కను ప్రకాశకుని నామధేయమును, ‘సర్వస్వామ్యములు ప్రకాశకులవి’ అను వాక్యమును తఱచుగా కానవచ్చుచుండును. శరతల్పగతుడైన భీష్ముడు ధర్మరాజునకు ఉపదేశించెనని మహాభారతము చెప్పుచున్న స్తోత్రమునందు, ఏ వీథిలోనో పుస్తకముల అంగడి నడుపుకొను ప్రకాశకునికి సర్వస్వామ్యములు ఎట్లు సంక్రమించెనో ఆ పుట చెప్పదు, చదువరియు అడుగడు. ఆ పుటను చదువువారే అరుదు. అయినను అచ్చైన ప్రతి వాక్యము వలెనే అదియు ఒక వాక్యము. వాక్యము కనుక సత్యమో అసత్యమో కాక తప్పదు. ఈ చిహ్నములను రచనలో ఎప్పుడు వాడవలెను, ఎప్పుడు వాడరాదు అను ప్రశ్న న్యాయవాదులకు విడిచిపెట్టదగిన స్వల్పవిషయమని పైకి తోచును గాని, దాని లోతున మాట ఎవ్వరిది, మాటకు కర్తయైనవాడు దానికి స్వామియు అగునా అను ప్రశ్న యున్నది. ఆ ప్రశ్నపై మన శాస్త్రకారులు చేసిన విచారము, నేటి చట్టములను తీర్చినవారు ఎరిగియుండకపోయినను, ఆ చట్టములకు మంచి వ్యాఖ్యానముగా పనికివచ్చుచున్నది.

ముందుగా చిహ్నముల స్వరూపమును క్లుప్తముగా చెప్పుకొందము. వలయములోని ‘సీ’ గ్రంథస్వామ్యమునకు గుర్తు. 1952లో జెనీవాలో కుదిరి 1955లో అమలునకు వచ్చిన సార్వత్రిక గ్రంథస్వామ్య ఒడంబడిక, ఈ గుర్తును, స్వామి పేరును, ప్రథమ ప్రచురణ సంవత్సరమును కలిపి ముద్రించినచో, లాంఛనములను కోరు దేశములందు సైతము రచనకు రక్షణ కలుగునని నిర్ణయించెను. అంతకు పూర్వమే, 1886 నాటి బెర్న్ ఒడంబడికను 1908లో బెర్లిన్ నగరమున సవరించినప్పుడు, రచయిత హక్కు ఏ లాంఛనమునకును లోబడి యుండదనియు, రచన పుట్టుటతోనే అదియు పుట్టుననియు అంగీకరింపబడి యుండెను. మన దేశమున 1957లో చేయబడి 1958 జనవరి 21న అమలునకు వచ్చిన చట్టము ఈ త్రోవనే నడచినది. ఇచ్చట నమోదు ఐచ్ఛికము, గుర్తు ఐచ్ఛికము. అమెరికా సంయుక్తరాష్ట్రములు మాత్రము 1989లో బెర్న్ కూటమిలో చేరువఱకు చిహ్నము లేని ప్రచురణను అనాథసొత్తుగా చూచుచుండెను. మన పూర్వపు పుస్తకములపై ‘1867 సంవత్సరపు 25వ ఆక్టు ప్రకారము రిజిష్టరు చేయబడినది’ అని కనబడు పంక్తియు ఈ కోవకు చెందినదే. ఇక ‘టీయెమ్’ అను జంట అక్షరములు, ఈ పేరును నా సరుకునకు గుర్తుగా వాడుకొనుచున్నానని వర్తకుడు చెప్పుకొను మాట. వలయములోని ‘ఆర్’ ఆ గుర్తు ప్రభుత్వపు పట్టికకెక్కినదని చెప్పు మాట.

ఇందు గమనింపవలసిన దేమనగా, నేటి మన చట్టము ప్రకారము వలయ ‘సీ’ హక్కును పుట్టించునది కాదు, పోషించునది కాదు, లేకపోయినంత మాత్రమున హక్కు పోవునదియు కాదు. ఫలము నంతటిని చట్టము ముందే ఇచ్చివేసిన పిమ్మట ఆ గుర్తునకు మిగిలినది ప్రకటన మాత్రమే. ‘ఇది నాది’ అని లోకమునకు చెప్పుటయే దాని పని. ఒక కర్మకు ఫలము లేకపోయినప్పుడు దాని యోగ్యతను ఫలమును బట్టి నిర్ణయింపలేము. స్వరూపమును బట్టియే నిర్ణయింపవలెను. కావున చిహ్నమును వాడుట ఎప్పుడు యుక్తమను ప్రశ్న, ‘నాది’ అనుట ఎప్పుడు నిజమను ప్రశ్నగా మారుచున్నది. సత్యము, అస్తేయము అను రెండు వ్రతములును ఇచ్చట కలిసికొనుచున్నవి. తనది కానిదానిపై గుర్తు వేయువాడు అసత్యమాడుచున్నాడు, ఇతరుని పేరును తుడిచివేయువాడు దొంగిలించుచున్నాడు. తరచుగా ఈ రెండును ఒక్క చేతిమీదుగనే జరుగుచుండుట వేరు సంగతి.

ఋగ్వేదమును అధ్యయనము చేయువారు ప్రతి సూక్తమునకును ముందుగా ఋషిని, ఛందస్సును, దేవతను స్మరించుదురు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఈ మూడింటిని సూక్తము వెంట సూక్తముగా పట్టిక వేసినది. ఋషిని తెలియక మంత్రమును పఠించుట దోషమని సంప్రదాయము. ఈ పట్టిక ఎంత నిష్పక్షపాతమైనదనగా, విశ్వామిత్రునితో సంభాషించిన నదులు పలికిన ఋక్కులకు నదులే ఋషులు. పణులతో వాదించిన దేవశుని సరమ పలికిన ఋక్కులకు సరమయే ఋషి. ఒక వేలుపుకుక్కకు సైతము దాని మాటల విషయమున ఇంత నిక్కచ్చిగా పేరు చెప్పిన వాఙ్మయము మఱియొకటి కలదేమో నేనెఱుగను. అయితే ఇంత శ్రద్ధతో పేరు చెప్పినవారు ఆ ఋషిని గాని ఆతని వంశమును గాని ఆ మంత్రమునకు స్వామిగా ఎన్నడును భావింపలేదు. వసిష్ఠుడు చూచిన మంత్రమును భరద్వాజగోత్రుడు పఠింపవచ్చును, అనుమతి అడుగనక్కరలేదు, పేరు చెప్పక మానరాదు. అధ్యయనముచే తీరు ఋషిఋణమున నామస్మరణము ఒక భాగమని నేను తలచుచున్నాను. పేరు చెప్పుట అప్పు తీర్చుట. గుర్తు వేయుట అప్పు వసూలు చేయుట. వేదసంప్రదాయము మొదటిదానిని విధిగా చేసి రెండవదానిని తలపెట్టనే లేదు.

మీమాంసకులు ఇంకను ముందునకు పోయిరి. వారి మతమున వేదమునకు కర్తయే లేడు. కర్తయుండిన యెడల, ఇన్ని తరముల అధ్యేతలలో ఎవరో ఒకరైనను ఆతనిని స్మరించి యుందురు గదా, స్మరింపలేదు గనుక లేడని వారి వాదము. అట్లయిన కాఠకమనియు, కాలాపకమనియు, పైప్పలాదకమనియు మనుష్యుల పేర్లతో శాఖలు వ్యవహరింపబడుట ఏల అని పూర్వపక్షి అడిగెను. దానికి జైమిని చెప్పిన సమాధానము మన పుస్తకముల రెండవ పుటకు నేరుగా అన్వయించును: ఆ పేరు రచించినందుచేత వచ్చినది కాదు, ప్రవచించినందుచేత వచ్చినది. కఠుడు ఆ శాఖను ఇతరులకన్న విశిష్టముగా బోధించెను, అందుచే అది ఆతని పేర నిలిచెను. ఒక గ్రంథముపై పేరు కనబడినంతనే ఆ పేరుగలవాడు దానిని పుట్టించినవాడని అనుకొనరాదనియు, రచించుట, బోధించుట, కాపాడుట, ముద్రించుట వేరువేరు సంబంధములనియు ఇందువలన తేలుచున్నది. నైయాయికులు ఈ అపౌరుషేయవాదమును ఒప్పుకొనలేదు. మాటకు ప్రామాణ్యము వక్త యొక్క ఆప్తత్వమునుండి వచ్చును గాని వక్త లేకపోవుటనుండి రాదనియు, వేదమునకు సర్వజ్ఞుడైన ఈశ్వరుడే కర్తయనియు వారి సిద్ధాంతము. ఉదయనాచార్యుడు దీనిని గట్టి యుక్తులతో నిలబెట్టెను. ఒకరికి కర్త లేకపోవుట ప్రమాణము, మరియొకరికి కర్త యుండుట ప్రమాణము. ఇంత వైరుధ్యమున సైతము ఉభయులును ఏకీభవించిన విషయ మొకటి కలదు. వారు కర్తను వెదకినది మాట నమ్మదగినదా కాదా తెలిసికొనుటకు మాత్రమే. కర్తకు మాటపై చెల్లవలసిన పన్నెంతయో తేల్చుట వారి వాదములో లేదు.

తెలుగుకవులు వేదఋషులు కారు, లౌకికులు. కీర్తిని కోరినవారు, అగ్రహారములను పుచ్చుకొన్నవారు. అయినను వారి పద్ధతియు చిత్రముగానే యుండెను. ప్రబంధమున ఆశ్వాసాంతమున వచ్చు గద్యను నేటి ముఖపత్రముతో పోల్చవచ్చును: అందు కవి పేరు, తండ్రి పేరు, బిరుదము, గ్రంథము పేరు, ఎన్నవ ఆశ్వాసమో అన్నియు నుండును. ఒక్క ఆశ్వాసము చిరిగి వేరుపడినను దాని కర్త ఎవరో తెలియును. పోతన భాగవతమున పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, కడపటి రెంటిని నారయయు పూరించిరనుట మనకు తెలిసినది వారి వారి గద్యలవలననే. పోతన అంతటివాని కావ్యములో తమ భాగములను ఆతని పేర కలిపివేయుట వారికి కష్టము కాదు. తమ పేరు చెప్పుకొనుట అహంకారమని వారు అనుకొనలేదు, చెప్పకపోవుట అబద్ధమని అనుకొనిరి కాబోలు. ఇంతవఱకు ఇది కర్తృత్వము మాట. స్వామ్యము మాట వచ్చునప్పటికి తెలుగుకవి దానిని మొదటి పద్యములలోనే వదలుకొనుచున్నాడు. కావ్యము కన్యక, కవి తండ్రి, అంకితము పొందినవాడు కృతిపతి. కని పెంచినవాడొకడు, పతి యొకడు. తిక్కన హరిహరనాథునికిని, పోతన శ్రీరామునికిని, కృష్ణదేవరాయలు శ్రీవేంకటేశ్వరునికిని కృతిని సమర్పించినప్పుడు, కర్తృత్వము కవియందు నిలిచి పతిత్వము దైవమునకు పోయెను. పోతన మరియొక అడుగు వేసి, పలికించువాడు వేరొకడు కలడని కర్తృత్వమునందును దైవమునకు భాగము పంచెను. అయినను గద్యలో తండ్రి కేసన పేరును తన పేరును చెప్పుట మానలేదు. తత్త్వదృష్టిచే కర్త కానివాడు వ్యవహారదృష్టిచే సంతకము చేయవలసియే యున్నదని ఆయనకు స్పష్టముగా తెలియును. కృతిపతికిని ఈ పతిత్వమువలన వచ్చినది కీర్తియే. ప్రతి వ్రాసికొను లేఖకుని అడ్డగించు అధికారము రాజైన కృతిపతి సైతము కోరినట్లు లేదు. ముక్కు మీది పద్యమును తిమ్మన వెలకు అమ్మగా రామరాజభూషణుడు కొని వసుచరిత్రమున చేర్చుకొనెనను ఐతిహ్యమొకటి కలదు. అది నిజమో కాదో గాని, అమ్మిన పిమ్మటను లోకము ఆ పద్యము పేరనే కవిని ముక్కుతిమ్మన అని పిలుచుచున్నది. స్వత్వము అమ్ముడుపోయినను కర్తృత్వము అమ్ముడుపోదని చెప్పుటకే ఈ కథ పుట్టినట్లున్నది.

వాగ్గేయకారుల ముద్రలు ఇంకొక రీతివి. త్యాగరాజు తన పేరునే ముద్రగా పెట్టుకొనెను. దీక్షితులు గురుగుహ అనియు, క్షేత్రయ్య మువ్వగోపాలుడనియు, అన్నమాచార్యుడు వేంకటేశ్వరుడనియు ఇష్టదైవముల పేర్లనే తమకు గుర్తులుగా చేసికొనిరి. కర్తను తెలుపవలసిన స్థానమున దైవమును నిలిపి, ఆ దైవనామమువలననే కర్తను గుర్తింపజేయుట అపురూపమైన ఏర్పాటు. ఈ ముద్రలను దొంగిలించినవారు లేకపోలేదు. అయితే ఆ చౌర్యము తలక్రిందులైనది. పరుల పద్యమును తనదిగా చెప్పుకొనుట కాక, తన పద్యమును వేమన మకుటముతోను, తన కృతిని త్యాగరాజ ముద్రతోను వెలువరించి తాను మరుగున దాగినవా రనేకులు. బ్రౌను 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన నాటినుండి నేటివఱకు ఏవి వేమనవో ఏవి కావో పండితులు తేల్చుకొనలేకున్నారు. ఈ నామత్యాగమును వినయమని కొందరు మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనలేను. ఇతరుని సంతకమును వాడుకొనుట, అందువలన తనకు చిల్లిగవ్వ లాభము లేకపోయినను, ఆ ఇతరుడు అనని మాటను ఆతనికి అంటగట్టుట యగును. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమును అర్థహరణమును ఎన్నో భేదములుగా విభజించి చూపెను గాని, ఈ విపరీతహరణమునకు మన వేమన విషయము చక్కని ఉదాహరణమై యుండెడిది.

కర్తృత్వము దైవమునదైనచో స్వామ్యము ఎవరిదను ప్రశ్నను ఇరువదవ శతాబ్దపు న్యాయస్థానములు నిజముగనే విచారింపవలసి వచ్చెను. 1926లో ఇంగ్లండున జెరాల్డిన్ కమిన్స్ అను ఆవేశిని, ఒక ప్రేతాత్మ చెప్పగా వ్రాసితినన్న గ్రంథముపై వివాదము పుట్టగా, న్యాయమూర్తి ఈవ్ పరలోకముపై తనకు అధికారపరిధి లేదని పరిహాసముగా ఒప్పుకొని, ఆ సందేశమును చదువదగిన భాషలోనికి తెచ్చిన ఆమెయే రచయిత్రి యని తీర్పు చెప్పెను. 1955లో చికాగోలో వెలువడిన యురాంటియా గ్రంథము విషయమున వాదియు ప్రతివాదియు కూడ ఆ మాటలు దివ్యసత్త్వములవే యని అంగీకరించిరి. అప్పుడు 1997లో అమెరికా పునర్విచారణ న్యాయస్థానము, చట్టము కాపాడునది దివ్యసత్త్వముల సృష్టిని కాదు, ఆ సందేశములను ఏరి కూర్చిన మానవుల కూర్పును అని చెప్పవలసి వచ్చెను. మన మీమాంసకుడు ఆ సభలో నుండిన యెడల, కఠుడు చేసినది ప్రవచనమని తాను చెప్పినదియు ఇదియే గదా అని తల యూపి యుండును. హెలెన్ షుక్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు, క్రీస్తు అంతర్వాణిగా చెప్పెనని నమ్మి వ్రాసిన ‘ఎ కోర్స్ ఇన్ మిరకిల్స్’ అను గ్రంథము గతి మరియొకటి. ఆమె దానిపై తన పేరు వేసికొన లేదు. అచ్చు కాకమునుపే చిహ్నము లేని ప్రతులు చేతులు మారినవని తేలి, 2003లో న్యూయార్కు న్యాయస్థానము దాని స్వామ్యమును చెల్లదనెను. వలయ ‘సీ’ ఒక్కటి లేకపోవుటచే ఒక గ్రంథము లోకమునదయ్యెను. భక్తులకు అది నష్టమా లాభమా అని న్యాయస్థానము అడుగలేదు, అడుగుట దాని పనియు కాదు.

ఈ తీర్పులలో అంతటను కనబడు యుక్తి ఒక్కటే: మూలము ఎవరిదైనను, ఎవని శ్రమ ఎంత మేరకు చేరినదో అంత మేరకే వానికి స్వామ్యము. స్వత్వము శాస్త్రముచే మాత్రమే తెలియునదా లేక లోకవ్యవహారముచే సిద్ధమైనదా అని ధర్మశాస్త్రకారులు తర్కించినప్పుడు, విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో అది లౌకికమే యని నిశ్చయించెను. ఆ నిశ్చయము మనకు ఉపకరించును. స్వత్వము లౌకికమైనచో, దానికి లౌకికమైన హేతువును చూపవలెను; పవిత్రగ్రంథమును అచ్చువేసితినను పుణ్యము హేతువు కానేరదు. ప్రకాశకుడు ఏమి చేసెను? పాఠము కుదిర్చెనా, టీక వ్రాసెనా, పీఠిక వ్రాసెనా, అక్షరములు పేర్చెనా? 2007లో మన సర్వోన్నత న్యాయస్థానము, తీర్పుల మూలపాఠము ఎవ్వరి సొత్తును కాదనియు, సంపాదకుడు బుద్ధి నుపయోగించి చేర్చిన భాగములకు మాత్రము రక్షణ కలదనియు ఒక న్యాయగ్రంథముల సంస్థ వ్యాజ్యములో చెప్పెను. 2023లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము భగవద్గీతా భాగవతముల విషయమున ఇట్లే మూలమును లోకమునకు విడిచి, వ్యాఖ్యానములను అనుసృజనలను వాని కర్తలకు ఇచ్చెను.

అన్నమాచార్యుని సంకీర్తనముల పుట యొకటి తీసికొన్నచో ఈ విభాగము కంటికి కట్టినట్లుండును. సాహిత్యము 1503లో గతించిన ఆచార్యునిది, అది అందరిది. దానిని రాగిరేకులనుండి పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి వారి కృషి యొక వంతు. శాస్త్రిగారు 1950లో కీర్తిశేషులగుటచే, మరణానంతరము అరువది సంవత్సరములను నియమము ప్రకారము ఆయన రచన 2010 తుదితో లోకమునకు వచ్చినది. రేకులపై రాగము పేరు తప్ప స్వరము లేదు. కనుక నేడు మనము వినునది తరువాతివారు కూర్చిన బాణీ. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో గతించిరి. సామాన్యనియమమున వారి స్వరకల్పనకు 2039 చివరివఱకు రక్షణ యుండును. ఒక్క పుటలో అయిదు వందల యేండ్ల వెనుకటి మాటయు, రాబోవు కాలమువఱకు హక్కు గల స్వరమును కలిసియున్నవి. ఆ పుట దిగువను గుడ్డిగా ఒక వలయ ‘సీ’ వేసి ఊరకున్నచో, తెలియని గాయకుడు అన్నమయ్య మాటకు సైతము సుంకము కట్టవలెనని భయపడును. గుర్తు అసలే లేకున్నచో శర్మగారి పేరు మాయమగును. ‘సాహిత్యము: అన్నమాచార్యులు, స్వరకల్పన స్వామ్యము ఫలానివారిది’ అని రెండు పంక్తులు వ్రాయుటకు కాగితము కొరత లేదు. సంవత్సరము విషయమున సైతము ఇదే నియమము. ఆ అంకె ప్రథమ ప్రచురణకు సంబంధించినది; నూరేండ్లనాటి టీకను మరల అచ్చువేసి క్రొత్త సంవత్సరమును దానిప్రక్క వేయుట, వృద్ధుని జాతకము దిద్ది బాలుని చేయుట వంటిది. క్రొత్తగా వ్రాసినది పీఠికయైనచో, గుర్తు పీఠికకని చెప్పవలెను.

వర్తకచిహ్నముల కథ వేరు, చెప్పవలసినదియు కొంచెము. గ్రంథస్వామ్యము కొంత కాలమునకు తీరిపోవును. వర్తకచిహ్నము పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొన్నచో అంతులేక నిలుచును. అందుకు కారణము దానికి మూలము సృష్టి కాకపోవుటయే. ఈ సరుకు ఫలానివానిదని కొనువానికి నిజము చెప్పుట దాని ప్రయోజనము. ఆ నిజము ఎంతకాలము నిజమో అంతకాలము గుర్తు నిలువవచ్చును. కౌటిల్యుడు శుల్కాధ్యక్ష ప్రకరణమున ముద్ర లేని సరుకునకు సుంకము రెండింతలును, దొంగముద్ర గల సరుకునకు ఎనిమిదింతలును దండుగ విధించెను. గుర్తు లేకపోవుట ఉపేక్ష, లేని గుర్తును ఉన్నట్లు చూపుట వంచన అను తారతమ్యము ఆ రెండు అంకెలలో ఇమిడియున్నది. నేటి మన 1999 నాటి చట్టము సైతము గుర్తు వేయనివానిని ఏమియు అనదు గాని, పట్టికకెక్కని పేరు ప్రక్కను వలయ ‘ఆర్’ వేసి అబద్ధమాడుటను నిషేధించి దండన విధించినది. అట్టివాడు ‘టీయెమ్’తో తృప్తిపడవలెను. వ్యాసకర్తకు మాత్రము ఈ గుర్తులతో పనిలేదు. జిరాక్సు తీయించితినని వ్రాయు తెలుగువాడు ఆ పేరుతో సరుకు అమ్ముట లేదు. మాటవరుసకు పేరు చెప్పుచున్నాడు. వాక్యము మధ్యను ప్రతి పేరునకును బుల్లి అక్షరములు తగిలించుట, కంపెనీవారి కరపత్రములలో చెల్లునేమో గాని, గద్యమునకు అంగవైకల్యము.

దైవనామములు సరుకులకు గుర్తులైనప్పుడు మాత్రము కొంచెము నిలువవలెను. జనుల మతభావములను నొప్పించు గుర్తులను పట్టికకెక్కింపరాదని చట్టము తొమ్మిదవ విభాగమున చెప్పినది. ‘రామాయణ్’ అను పేరుతో అగరుబత్తులమ్ము వర్తకుడొకడు ఆ పేరు తనదే కావలెనని పట్టుబట్టగా, పవిత్రగ్రంథముల పేర్లను సరుకులకు ఏకస్వామ్యముగా ఎవ్వరును కోరజాలరని 2015లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. తిరుపతి లడ్డు 2009లో భౌగోళికసూచికగా నమోదైనప్పుడు, ప్రసాదమునకు ఈ పట్టికలేల యని కొందరు ఆక్షేపించిరి. నా మతమున ఆ ఆక్షేపణము సగమే సరియైనది. నివేదితమైన వస్తువు భక్తుని చేతిలో సరుకు కాదు; కాని దాని పేరు చెప్పి గుడి బయట కల్తీ అమ్మువాని చేతిలో అది సరుకే. గుర్తు ఆ రెండవవానిని ఉద్దేశించినది. భక్తుని ఎదుట నిలిచి ‘నాది’ అనుటకు దానిని వాడనంతవఱకు నాకు అభ్యంతరము లేదు.

ఇక మిగిలినది త్యాగము. స్తోత్రమును వ్రాసిన భక్తకవి యొకడు, దీనిని లోకమునకు ఇచ్చివేసితినని తలచి గుర్తు వేయక విడిచినచో, ఆతడు నిజముగా ఇచ్చినట్లేనా? నేటి చట్టము ప్రకారము కాదు. హక్కు చెప్పకయే పుట్టినది, చెప్పకయే ఆతనిని అంటియున్నది, ఆతని పిమ్మట వారసులకు సంక్రమించును. వారు అరువది యేండ్లపాటు అడ్డగింపవచ్చును. మౌనము త్యాగము కాదు. యాగమున ద్రవ్యమును అగ్నిలో వేయువాడు ఋత్విజుడు. అయినను అది యాగమగుటకు యజమానుడు ‘ఇది ఈ దేవతది, నాది కాదు’ అని నోరార పలుకవలెను. ద్రవ్యము, దేవత, త్యాగము అను మూడును కూడిననే యాగమని మీమాంసకుల లక్షణము. మన గ్రంథస్వామ్య చట్టము ఇరువది యొకటవ విభాగము సరిగా ఇట్టి ఉచ్చారణనే కోరుచున్నది: రచయిత తన హక్కులను సమస్తమును గాని కొన్నిటిని గాని విడువదలచినచో రిజిస్ట్రారునకు తెలుపవలెను, లేక బహిరంగముగా ప్రకటింపవలెను. ‘నాది’ అనుటకు గుర్తు అక్కరలేని కాలమున, ‘నాది కాదు’ అనుటకే ఒక ప్రకటన కావలసివచ్చుట విచారించిన కొలది రుచించు విషయము. అదే చట్టము ఏబది యేడవ విభాగమున, స్వామ్యమును పరులకు ధారపోసిన పిమ్మటను, ఇది నేను వ్రాసితినని చెప్పుకొను హక్కును, తన మాటను వికృతము చేయువారిని అడ్డగించు హక్కును రచయితయందే నిలిపినది. స్వత్వము పోయినను ఋషిత్వము పోదన్నమాట; సర్వానుక్రమణి కారుడు దీనికి సంతోషించి యుండును.

గాంధీమహాత్ముడు స్వామ్యమును నిలుపుట, విడుచుట అను రెండు మార్గములను నడచి చూచెను. 1940లో వ్రాసిన వీలునామాలో తన రచనల స్వామ్యమును నవజీవన్ ట్రస్టునకు అప్పగించి, దానిని న్యాసముగా చూచెను. ఆ సంస్థ 2008తో గడువు తీరినప్పుడు పొడిగింపు కోరక విడిచిపెట్టెను. అంతకు మునుపు, 1910లో, దక్షిణాఫ్రికాలోని ఫీనిక్సున హింద్ స్వరాజ్యమును తానే ఆంగ్లమున అచ్చువేసినప్పుడు, పుస్తకముపై ఏ హక్కులును ఉంచుకొనలేదని స్పష్టముగా ముద్రింపించెను. ముఖపత్రముపై కర్త పేరు మాత్రము తీసివేయలేదు.